టెలిస్కోప్ ఎలా ఎంచుకోవాలి, ఐపీస్‌లు ఏవి కొనాలి, రెండూ ఎలా వాడాలి: మొదటి నుంచి చివరి దాకా

టెలిస్కోప్‌లో శనిని ఎవరికైనా మొదటిసారి చూపించినప్పుడు దాదాపు ప్రతిసారీ ఇదే జరుగుతుంది. 120 రెట్లు పెద్దగా కనిపించేలా పెట్టి ఉంచుతాను, చేయి చాచి చూసుకుంటే చిటికెన వేలి గోరంత సైజులో, చుట్టూ వలయంతో, అంచులు చెక్కినట్టు ఉంటుంది. చూసినవాళ్ళు ఓ క్షణం మాట్లాడరు, తర్వాత "ఇంకా పెద్దగా చూపించొచ్చా?" అంటారు. సరే అని 8 ఎంఎం ఐపీస్‌కి (కన్ను పెట్టి చూసే చిన్న గాజు గొట్టం అది) 2 రెట్ల బార్లో, అంటే రెట్లని రెండింతలు చేసే లెన్స్, తగిలించి 300 రెట్లకి తీసుకెళ్తాను. ఇప్పుడు శని పెద్దగానే ఉంది, కానీ నీళ్ళ అడుగున పడిన నాణెంలా అల్లాడిపోతూ, వలయానికీ గోళానికీ మధ్య ఉండాల్సిన నల్లటి ఖాళీ కూడా మసగ్గా కలిసిపోయి ఉంటుంది. అరనిమిషం చూసి "ఇందాకటిదే పెట్టండి" అంటారు.

అందుకే చెప్తున్నా, ఎన్ని రెట్లు అనేది అన్నిటికన్నా చివర్లో తేల్చుకోవాల్సిన సంగతి. ముందు అద్దం వెడల్పు, తర్వాత స్టాండ్ గట్టిదనం, తర్వాత కంట్లోకి ఎంత కాంతి వస్తోంది అనేది, ఆ తర్వాతే రెట్లు. చాలామంది ఈ వరసని తిరగేసి కొంటారు, అక్కడే దెబ్బతింటారు. ఈ గైడ్ కూడా ఆ వరసలోనే వెళ్తుంది.

మొదటి అడుగు: ఇంకా ఏమీ కొనకండి

ఓ నెల రోజులు వట్టి కళ్ళతో ఆకాశం చూడండి. సప్తర్షి మండలం, ధ్రువతార, కృత్తికలు, రోహిణి, ఆర్ద్ర, అభిజిత్, జ్యేష్ఠ, ఇవి ఎక్కడ ఎప్పుడు ఉంటాయో తెలిస్తే టెలిస్కోప్ చేతికొచ్చిన రోజు ఎటు తిప్పాలో తెలుస్తుంది. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో స్టెల్లారియం అనే ఆకాశపటం యాప్ పెట్టుకుంటే చాలు. బైనాక్యులర్ ఉంటే ఇంకా మంచిది, 7x50 గానీ 10x50 గానీ (మొదటి అంకె రెట్లు, రెండోది లెన్స్ వెడల్పు ఎంఎంలలో). కృత్తికలు ఏ పెద్ద టెలిస్కోప్‌లో కన్నా బైనాక్యులర్‌లోనే అందంగా ఉంటాయి, ఎందుకంటే ఆ గుంపు దాదాపు 2 డిగ్రీలు పరుచుకుని ఉంటుంది, అంటే నాలుగు చందమామల వెడల్పు, చాలా టెలిస్కోప్‌లలో అది మొత్తం ఒకేసారి పట్టదు.

రెండో అడుగు: టెలిస్కోప్

నేను కొన్న మొదటి టెలిస్కోప్ డబ్బా మీద 525 రెట్లు అని పెద్ద అక్షరాలతో రాసి, పక్కన రంగురంగుల గెలాక్సీ బొమ్మ వేసి ఉండేది. లోపల ఉన్నది 60 ఎంఎం లెన్స్, సన్నటి కాళ్ళ స్టాండ్, 4 ఎంఎం ఐపీస్ ఒకటి. గురుగ్రహాన్ని పట్టుకుని ఫోకస్ నాబ్ ముట్టుకుంటే చాలు, బొమ్మ మొత్తం ఊగేది, ఆ ఊగుడు ఆగడానికి ఐదారు సెకన్లు పట్టేది, ఆగేలోపు గురుడు ఫీల్డ్, అంటే ఐపీస్‌లో కనిపించే ఆకాశపు గుండ్రం, దాటి వెళ్ళిపోయేవాడు. మూడు నెలలు అలాగే కుస్తీ పట్టాను. తప్పంతా ఆ లెన్స్‌ది కాదు, అదే ట్యూబ్‌ని తర్వాత గట్టి స్టాండ్ మీద 25 ఎంఎం ఐపీస్‌తో పెడితే చంద్రుడి మీద బిలాలు చక్కగా కనిపించాయి. చెడగొట్టింది ఆ స్టాండూ, ఆ 525 అనే అంకె.

ఓ గుర్తు పెట్టుకోండి: ఎంత మంచి టెలిస్కోప్ అయినా దాని అద్దం లేదా లెన్స్ వెడల్పు ఎన్ని ఎంఎం అయితే దానికి రెండింతల రెట్లే గరిష్ఠం. 60 ఎంఎంకి 120, 100 ఎంఎంకి 200. ఇంకా పెద్దవాటికి లెక్క ప్రకారం 400 వచ్చినా, మన పైన ఉన్న గాలి చాలా రాత్రులు 200, 250 దాటనివ్వదు. డబ్బా మీద ఇంతకు మించిన అంకె రాసి ఉంటే ఆ డబ్బా అక్కడే వదిలేసి రండి.

అద్దం వెడల్పునే అపెర్చర్ అంటాం. చీకటికి అలవాటు పడ్డ కంటిపాప దాదాపు 7 ఎంఎం తెరుచుకుంటుంది. 70 ఎంఎం లెన్స్ దానికన్నా 100 రెట్లు ఎక్కువ కాంతి పోగు చేస్తుంది, 150 ఎంఎం అద్దం 450 రెట్లకు పైనే, 200 ఎంఎం అయితే 800 రెట్లు. వెడల్పు వర్గంలో పెరుగుతుంది కాబట్టి 150 నుంచి 200కి వెళ్తే ముప్పావు వంతుకు పైగా కాంతి ఎక్కువ వస్తుంది. వివరం కూడా అపెర్చర్‌తోనే పెరుగుతుంది: 116ని అపెర్చర్ ఎంఎంలతో భాగిస్తే ఎన్ని ఆర్క్ సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు) దూరంలో ఉన్న జంట నక్షత్రాల్ని విడదీయగలదో వస్తుంది, దీన్ని డాస్ పరిమితి అంటారు. 100 ఎంఎంకి 1.16, 200 ఎంఎంకి 0.58.

మరి పెద్దదే కొనాలా అంటే, మీరు రాత్రి బయటికి మోసుకెళ్ళగలిగేంత పెద్దది కొనండి. మూడో అంతస్తులో ఉండి లిఫ్ట్ లేనివాళ్ళకి 10 అంగుళాల ట్యూబ్ ఆరు నెలలు గోడ వారన నిలబడి ఉంటుంది, 5 అంగుళాలది అయితే వారానికి రెండుసార్లు బయటికి వస్తుంది. బరువు, పొడవు, కార్ వెనక సీటులో పడుతుందా లేదా, ఇవన్నీ కొనేముందు టేప్ పెట్టి కొలుచుకోవాల్సినవే.

రకాల విషయానికి వస్తే, కంటితో చూడటానికే కొంటున్నవాళ్ళకి నా సలహా ఒక్కటే, డాబ్సోనియన్. న్యూటన్ 1668లో చేసిన అద్దాల టెలిస్కోప్ ట్యూబే, కింద మాత్రం చెక్కపెట్టె లాంటి స్టాండ్, పైకీ కిందకీ పక్కకీ చేత్తో నెట్టుకోవడమే. 1960ల్లో జాన్ డాబ్సన్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు, మామూలు మనుషులు కూడా పెద్ద అద్దం పెట్టుకోగలగాలి అన్నదే ఆయన పట్టుదల. మోటార్ లేదు, ట్రైపాడ్ కాళ్ళు లేవు, పెట్టిన డబ్బంతా అద్దంలోకే వెళ్తుంది. 6 అంగుళాల ఎఫ్/8, 8 అంగుళాల ఎఫ్/6, ఈ రెండూ 1200 ఎంఎం ఫోకల్ లెంగ్త్‌తో వస్తాయి (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరం అది, దాన్ని అద్దం వెడల్పుతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ నంబర్), రెండిట్లో ఏది తీసుకున్నా పదేళ్ళు సరిపోతుంది. 6 అంగుళాలదాన్ని తక్కువ చేసి చూడకండి, ఎఫ్/8 కాబట్టి మామూలు ఐపీస్‌లతో కూడా అంచుల దాకా బాగుంటుంది, కొలిమేషన్, అంటే అద్దాల అమరిక, కాస్త అటూ ఇటూ అయినా క్షమిస్తుంది.

లెన్స్ ఉండే రిఫ్రాక్టర్లు చిన్నవి, తేలిక, ఎప్పుడంటే అప్పుడు రెడీ. 80 ఎంఎం ఎఫ్/5 లాంటి పొట్టిదానికి 25 ఎంఎం ఐపీస్ పెడితే 16 రెట్లే వస్తాయి, కానీ 3 డిగ్రీల ఆకాశం ఒకేసారి కనిపిస్తుంది, పాలపుంత మీద మెల్లగా తిప్పుతూ పోతుంటే గంటలు తెలియవు. వీటిలో చవకవాటికి గ్రహాల చుట్టూ ఊదా రంగు అంచు వస్తుంది, అది లోపం కాదు, రెండు గాజుల లెన్స్ స్వభావం. మాక్సుటోవ్‌లు, ష్మిట్ కాసెగ్రెయిన్‌లు పొట్టి ట్యూబ్‌లో పొడవాటి ఫోకల్ లెంగ్త్ మడిచి పెట్టినవి, బాల్కనీ నుంచి చంద్రుడు, గ్రహాలు, జంట నక్షత్రాలు చూసేవాళ్ళకి 127 ఎంఎం మాక్ చక్కటి ఎంపిక, కానీ దాంతో వెడల్పాటి ఆకాశం చూడలేరు.

ఓ రకానికి మాత్రం దూరంగా ఉండండి. ట్యూబ్ పొడవు అర మీటరే ఉండి ఫోకల్ లెంగ్త్ 1000 ఎంఎం అని రాసి ఉండే 114 ఎంఎం, 127 ఎంఎం న్యూటోనియన్లు (న్యూటన్ రకం అద్దాల టెలిస్కోప్‌లు). ఫోకసర్‌లో ఓ లెన్స్ ఇరికించి ఫోకల్ లెంగ్త్ పెంచుతారు, ఆ లెన్స్ నాసిరకంగా ఉండటంతో బొమ్మ ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది, కొలిమేట్ చేయడం కూడా నరకం. పైగా దాన్ని బక్క ఈక్వటోరియల్ మౌంట్ (ధ్రువతార వైపు వాల్చిన అక్షం చుట్టూ తిరిగే స్టాండ్) మీద పెట్టి అమ్ముతారు.

అడిగిన వస్తువు వైపు తనంతట తానే తిరిగే కంప్యూటర్ గోటూ మౌంట్లు బాగానే పని చేస్తాయి, నేను వద్దనను. కానీ బడ్జెట్ ఒకటే అయినప్పుడు గోటూకి వెళ్ళే డబ్బు అద్దంలోంచే కోసుకుపోతుందని గుర్తుంచుకోండి.

మూడో అడుగు: ఐపీస్‌లు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే టెలిస్కోప్ సగమే, మిగతా సగం ఐపీస్.

రెట్లు ఎలా వస్తాయో అందరికీ తెలిసిందే: టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ని ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. 1200కి 25 ఎంఎం పెడితే 48, 10 ఎంఎం పెడితే 120, 6 ఎంఎం పెడితే 200. అంకె చిన్నదయ్యే కొద్దీ రెట్లు పెరుగుతాయి, కొత్తవాళ్ళు దీన్ని తిరగేసి అనుకుంటారు.

కానీ నేను ఐపీస్ ఎంచుకునేటప్పుడు చూసేది ఇంకో అంకె, ఎగ్జిట్ ప్యూపిల్. ఐపీస్ నుంచి బయటికొచ్చే కాంతి పుంజం వెడల్పు అది. లెక్క చాలా తేలిక, ఐపీస్ ఎంఎంని టెలిస్కోప్ ఎఫ్ నంబర్‌తో భాగించడమే. ఎఫ్/6కి 30 ఎంఎం పెడితే 5 ఎంఎం, 12 పెడితే 2 ఎంఎం, 6 పెడితే 1 ఎంఎం. దీన్ని కళ్ళతో చూడొచ్చు కూడా, పగలు ట్యూబ్‌ని వెలుతురున్న ఆకాశం వైపు, సూర్యుడికి బాగా దూరంగా తిప్పి, ఐపీస్‌కి ఓ అడుగు వెనక నిలబడితే గాజు మధ్యలో తేలుతున్నట్టు ఓ చిన్న తెల్లటి బిళ్ళ కనిపిస్తుంది. అదే. రాత్రి మీ కంటిపాపలోకి వెళ్ళేది ఆ బిళ్ళే.

ఆ బిళ్ళ 7 ఎంఎం కన్నా పెద్దదైతే కంటిపాపలో పట్టదు, అద్దం పోగు చేసిన కాంతి కంటిపాప చుట్టూ ఉన్న రంగు భాగం మీద పడి వృథా అవుతుంది, వయసు పెరిగే కొద్దీ కంటిపాప 5, 6కే ఆగిపోతుంది కాబట్టి ఇంకా ముందే వృథా మొదలవుతుంది. ఎఫ్/5 టెలిస్కోప్‌కి 40 ఎంఎం ఐపీస్ కొనకండి అనేది అందుకే. 4, 5 ఎంఎం దగ్గర పెద్ద నెబ్యులాలు (అంతరిక్షంలోని వాయు మేఘాలు), వెడల్పాటి నక్షత్ర గుంపులు బాగుంటాయి. 2 ఎంఎం చుట్టుపక్కల అన్నిటికీ పనికొచ్చే చోటు, గెలాక్సీలు, గుండ్రటి నక్షత్ర గుచ్ఛాలు ఇక్కడే బాగా తేలతాయి, ఎందుకంటే రెట్లు పెరిగే కొద్దీ ఆకాశం నేపథ్యం కూడా నల్లబడుతుంది, వస్తువు మాత్రం పెద్దదై కంటికి చిక్కుతుంది. 1 ఎంఎం దగ్గర గ్రహాలు. 0.5 కన్నా కిందికి వెళ్తే బొమ్మ చీకటైపోయి, మీ కంట్లో తేలాడే నలకలు గురుడి మీద తిరుగుతున్నట్టు కనిపిస్తాయి.

రెండోది ఫీల్డ్. ప్రతి ఐపీస్‌కీ ఓ కోణం ఉంటుంది, 1860లో తయారైన ప్లోసెల్ డిజైన్‌కి 50, 52 డిగ్రీలు, వైడ్ వాటికి 68, ఆల్ నాగ్లర్ 1980ల మొదట్లో తెచ్చిన రకానికి 82, ఇప్పుడు 100 డిగ్రీలవీ ఉన్నాయి. ఈ కోణాన్ని రెట్లతో భాగిస్తే నిజంగా ఎంత ఆకాశం కనిపిస్తుందో వస్తుంది. 52ని 48తో భాగిస్తే ఓ డిగ్రీ పైన, అంటే రెండు చందమామలు పట్టేంత. చవక వైడ్ ఐపీస్‌లు ఎఫ్/5, ఎఫ్/4.7 లాంటి చిన్న ఎఫ్ నంబర్ టెలిస్కోప్‌లో పెడితే అంచుల దగ్గర నక్షత్రాలు చుక్కల్లా కాకుండా పక్షి రెక్కల్లా సాగిపోతాయి, అదే ఐపీస్ ఎఫ్/8లోనూ ఎఫ్/12లోనూ బంగారంలా ఉంటుంది. కాబట్టి పక్కవాడు ఓ ఐపీస్ అద్భుతం అన్నాడంటే ఏ టెలిస్కోప్‌లో అని అడగండి.

ఓ చిన్న కిటుకు. 1.25 అంగుళాల గొట్టంలో పట్టే గరిష్ఠ ఫీల్డ్‌కి హద్దు ఉంది, గొట్టం వెడల్పే ఆ హద్దు. 32 ఎంఎం ప్లోసెల్, 24 ఎంఎం 68 డిగ్రీలది, రెండూ ఆ హద్దు దగ్గరే ఉంటాయి, అంటే రెండూ చూపించే ఆకాశం ముక్క ఒకటే. 24 ఎంఎందే ఎక్కువ రెట్లతో, ఎక్కువ నల్లటి నేపథ్యం మీద చూపిస్తుంది. ఇంకా వెడల్పు కావాలంటే 2 అంగుళాల ఫోకసర్, 2 అంగుళాల ఐపీస్ కావాల్సిందే.

మూడోది ఐ రిలీఫ్, గాజుకి కన్ను ఎంత దూరంలో పెట్టొచ్చో అది. ప్లోసెల్‌లలో ఇది ఫోకల్ లెంగ్త్‌లో దాదాపు ముప్పావు వంతే ఉంటుంది, 25 ఎంఎంకి హాయిగా ఉంటుంది, 6 ఎంఎంకి మాత్రం కనురెప్పల వెంట్రుకలు గాజుకి రాసుకుని జిడ్డు అంటుతుంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళు దగ్గరి చూపు, దూరపు చూపు సమస్యే అయితే జోడు తీసేసి చూడొచ్చు, ఫోకసర్ దాన్ని సరిచేస్తుంది. ఆస్టిగ్మాటిజం (కంటి ముందు భాగం సమంగా గుండ్రంగా లేకపోవడం) ఉంటే మాత్రం ఫోకసర్ ఏమీ చేయలేదు, తక్కువ రెట్ల దగ్గర అది బాగా తెలుస్తుంది, అలాంటివాళ్ళు 16 నుంచి 20 ఎంఎం ఐ రిలీఫ్ ఉన్నవే చూసుకోండి.

ఎన్ని కొనాలి? మూడు. 1200 ఎంఎం డాబ్‌కి అయితే 30 ఎంఎం దరిదాపుల్లో వెడల్పాటిది ఒకటి, 40 రెట్లు, వెతకడానికీ పెద్ద వస్తువులకీ. 12, 13 ఎంఎం ఒకటి, 90, 100 రెట్లు, రాత్రిలో సగం ఇదే ఫోకసర్‌లో ఉంటుంది కాబట్టి ఎక్కువ డబ్బు దీని మీదే పెట్టండి. 7 ఎంఎం ఒకటి, 170 రెట్లు, గ్రహాలకి. వీటితో పాటు ఓ మంచి 2 రెట్ల బార్లో ఉంటే 13 ఎంఎం కాస్తా 6.5 అవుతుంది, 8 అంగుళాలదానికైతే గాలి స్థిరంగా ఉన్న అరుదైన రాత్రికి 7 ఎంఎం 3.5 అవుతుంది. మీ ఫోకల్ లెంగ్త్ వేరైతే ఎంఎంలు కాదు, ఎగ్జిట్ ప్యూపిల్ అంకెలు చూసి మార్చుకోండి. 8-24 జూమ్ ఐపీస్ కూడా చెడ్డదేం కాదు, గ్రహాల మీద రెట్లు అటూ ఇటూ తిప్పి ఆ రాత్రికి ఏది నప్పుతుందో చూడటానికి చాలా బాగుంటుంది, 24 వైపు ఫీల్డ్ ఇరుకైపోవడమే దాని లోటు. ఐపీస్‌లు డజను కలిపి పెట్టెలో పెట్టి అమ్మే సెట్లు మాత్రం వద్దు, అందులో నాలుగే వాడతారు, మిగతావి దుమ్ము పడతాయి.

నాలుగో అడుగు: పగలే చేసుకోవాల్సిన పనులు

ఫైండర్ (గురి చూడటానికి ట్యూబ్ మీద ఉండే చిన్న దుర్భిణి లేదా ఎర్రచుక్క) సరిచేయడం. రాత్రి చీకట్లో చేస్తే కష్టం, పగలైతే పది నిమిషాలు. కనీసం కిలోమీటరు దూరంలో ఉన్న టవర్ కొననో, స్తంభం తలనో ముందు 30 ఎంఎం ఐపీస్‌తో టెలిస్కోప్‌లో మధ్యకి తెచ్చుకోండి, తర్వాత ట్యూబ్ కదలకుండా ఫైండర్ మరలు తిప్పుతూ అదే కొనని దాని గీతల మధ్యకో ఎర్రచుక్క మీదకో తీసుకురండి, ఆపై 13 ఎంఎం పెట్టి మళ్ళీ ఓసారి. కొత్తవాళ్ళు "ఏమీ కనిపించట్లేదు" అని విసుగెత్తి పక్కన పెట్టేసిన టెలిస్కోప్‌లు నేను చూసినంతలో ఎక్కువ భాగం ఫైండర్ సరిచేయనివే.

కొలిమేషన్. న్యూటోనియన్ అద్దాలు మోసుకెళ్ళేటప్పుడు కాస్త జరుగుతాయి, ఒక రేఖలోకి తేవాలి. భయపడేంత పని కాదు. ట్యూబ్‌ని నేలకి సమానంగా వాల్చండి, నిలబెట్టి చేస్తే చేతిలోంచి జారిన అలెన్ కీ నేరుగా వెళ్ళి కింది అద్దం మీద పడుతుంది. ఫోకసర్‌లో మధ్యలో చిన్న రంధ్రం ఉన్న కొలిమేషన్ మూత పెట్టి చూడండి. ముందు చిన్న అద్దం గుండ్రంగా, ఫోకసర్‌కి మధ్యలో ఉందా, అందులో కింది పెద్ద అద్దం మొత్తం, దాన్ని పట్టుకున్న క్లిప్పులన్నిటితో సహా కనిపిస్తోందా చూసుకోండి, లేకపోతే చిన్న అద్దం మరలు రవ్వంత తిప్పండి. తర్వాత ట్యూబ్ కింది మరలతో పెద్ద అద్దం మధ్యలో ఉన్న రింగు గుర్తుని మూత రంధ్రం ప్రతిబింబం మీదకి తెండి. అంతే. రోజూ మారేది చాలావరకు ఈ రెండోదే, అలవాటైతే రెండు నిమిషాలు. లేజర్ కొలిమేటర్ కొన్నవాళ్ళు ముందు ఆ లేజరే సరిగ్గా ఉందో లేదో చూసుకోండి, ఫోకసర్‌లో గుండ్రంగా తిప్పినప్పుడు ఎర్రచుక్క ఒకేచోట నిలవాలి, సున్నా చుడుతుంటే ఆ లేజర్‌నే ముందు బాగు చేసుకోవాలి.

రాత్రి చివరి పరీక్ష ధ్రువతార మీద, అది దాదాపు కదలదు కాబట్టి. 150 రెట్లు పైన పెట్టి, నక్షత్రాన్ని ఫీల్డ్ మధ్యలో ఉంచి, ఫోకస్ కొంచెం తప్పించండి, రింగులు రింగులుగా విచ్చుకుంటుంది. మధ్యలోని నల్లటి నీడ అన్ని రింగులకీ సరిగ్గా నడిమధ్య ఉంటే సరే, ఓ పక్కకి ఒరిగి ఉంటే కింది మరలు ఇంకాస్త.

ఐదో అడుగు: రాత్రి

చూడబోయే ముందు అరగంట నుంచి గంట ట్యూబ్ బయట పెట్టి ఉంచండి. ఇంట్లో వేడిగా ఉన్న అద్దం బయట చల్లబడేదాకా దాని మీద నుంచి వేడి గాలి లేస్తూ బొమ్మని చెదరగొడుతుంది, మొదట్లో చెప్పిన శని అల్లాటలో సగం ఇలాంటి వేడే. వేడెక్కిన కాంక్రీట్ పైన కన్నా మట్టి మీదో గడ్డి మీదో పెట్టుకుంటే మేలు, కిటికీ అద్దం వెనక నుంచి మాత్రం చూడకండి. కళ్ళకి కూడా 20, 30 నిమిషాల చీకటి కావాలి, ఫోన్ ఒక్కసారి వెలిగితే మళ్ళీ మొదటికే, ఎర్రటి లైట్ మాత్రమే వాడండి. చంద్రుడు, గ్రహాలకి ఈ చీకటి అలవాటు అక్కర్లేదు.

ఎప్పుడూ తక్కువ రెట్లతోనే మొదలుపెట్టండి. 30 ఎంఎంతో వెతికి, మధ్యలో పెట్టి, అప్పుడు మాత్రమే 13, తర్వాత 7. ఆకాశం నిమిషానికి పావు డిగ్రీ కదులుతుంది, 200 రెట్ల దగ్గర 52 డిగ్రీల ఐపీస్‌లో కనిపించేదీ దాదాపు పావు డిగ్రీయే, అంటే గురుడు ఓ అంచు నుంచి ఇంకో అంచుకి నిమిషంలో దాటిపోతాడు. డాబ్‌తో గ్రహాన్ని వచ్చే వైపు అంచులో పెట్టి, చేయి తీసేసి, ఊగుడు ఆగాక అది ఫీల్డ్ దాటేదాకా ప్రశాంతంగా చూసి, మళ్ళీ ఓ చిన్న తోపు. వెడల్పాటి ఐపీస్ వల్ల ఈ నిమిషం రెండు నిమిషాలవుతుంది, గ్రహాలకి కూడా వైడ్ ఐపీస్ మంచిదనేది అందుకే.

గ్రహం ఆకాశంలో పైకి ఎక్కాకే చూడండి, దిగంతానికి దగ్గరగా ఉంటే మధ్యలో గాలి మందం ఎక్కువ. నక్షత్రాలు బాగా మిణుకుమంటున్నాయంటే గాలి అలజడిగా ఉందని, ఆ రాత్రి గ్రహాలు వదిలేసి నెబ్యులాలకి వెళ్ళండి. కాస్త మంచు పొర పట్టినట్టు ఉన్నా నక్షత్రాలు కదలకుండా ఉంటే అది గ్రహాల రాత్రి.

గురుడిని ఓ చూపు చూసి లేచిపోతే రెండు చారలు, నాలుగు చుక్కలు కనిపిస్తాయి, 1610 జనవరిలో గెలీలియో చూసిన ఆ నాలుగు చుక్కలే. అక్కడే కూర్చుని పావుగంట చూడండి. గాలి ఎప్పుడో ఓసారి రెండు సెకన్ల పాటు ఆగుతుంది. ఆ రెండు సెకన్లలో చార అంచు గీత కాదని, అందులో గడ్డలు, ముడులు, పక్కకి సాగిన తీగలు ఉన్నాయని కనిపిస్తుంది, ఎర్రమచ్చ ఇటువైపు ఉంటే చారలో ఓ గుంట పడినట్టు తెలుస్తుంది. మళ్ళీ మసకేస్తుంది. మళ్ళీ ఆగుతుంది. కన్ను ఆ సెకన్లని పోగు చేసుకోవడం నేర్చుకుంటుంది, ఇది ఎంత ఖరీదైన ఐపీస్ అయినా మీకు బదులు చేయలేని పని. శనిలో అయితే వలయాన్ని రెండుగా చీల్చే నల్లటి ఖాళీ, కాసీని గీత, వెతకండి, మంచి రాత్రి 100 ఎంఎంలోనే చిక్కుతుంది. 2025 మార్చిలో వలయాలు అంచు వైపు తిరిగి గీతలా సన్నబడిపోయాయి, అక్కడి నుంచి ఏటేటా మళ్ళీ తెరుచుకుంటున్నాయి.

మసక వస్తువులకి పక్కచూపు వాడాలి. కంటి నడిమధ్యలో చీకట్లో పనిచేసే కణాలు ఉండవు, కాబట్టి నేరుగా చూస్తే మాయమయ్యేది కాస్త పక్కకి చూస్తే తేలుతుంది. కుడి కన్నుతో చూస్తుంటే వస్తువుకి కొంచెం కుడి వైపు చూడండి, ఎడమ కన్నైతే ఎడమ వైపు, అప్పుడు అది కంటి గుడ్డి మచ్చ మీద పడదు. ఉందో లేదో అనిపిస్తే ట్యూబ్‌ని వేలితో మెల్లగా తట్టండి, కదిలే మసకని కన్ను త్వరగా పట్టేస్తుంది.

ఫొటోల్లో చూసిన రంగులు ఆశించకండి, దాదాపు అన్నీ బూడిద రంగే. కానీ ఓరియన్ నెబ్యులా ఎం42ని చీకటి చోట 8 అంగుళాల్లో ముందు 40 రెట్లతో చూడండి, రెక్కలు చాపినట్టు లేత పచ్చ ఛాయతో పరుచుకుని ఉంటుంది, 100 రెట్లకి వెళ్ళండి, మధ్యలో నాలుగు నక్షత్రాల ట్రపీజియం, దాని చుట్టూ మేఘం గరుకుగా పొలుసుల్లా, 170కి వెళ్ళండి, గాలి బాగుంటే ఆ నాలుగింటి పక్కన ఐదోది, ఆరోది. ఒకే వస్తువు, మూడు ఐపీస్‌లు, మూడు వేర్వేరు సంగతులు. అన్నీ ఇలాగే చూడండి. ఆండ్రోమెడా గెలాక్సీ ఎం31 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం, దానికి తక్కువ రెట్లే. ఎం13 గుచ్ఛానికి 100 దాటాలి, అప్పుడే అంచుల్లో ఇసుక రేణువుల్లా నక్షత్రాలు విడతాయి. వశిష్ఠ నక్షత్రం వట్టి కంటికి అరుంధతితో జంట, టెలిస్కోప్‌లో 50 రెట్లకే వశిష్ఠే మళ్ళీ రెండుగా విడిపోతుంది, 14 ఆర్క్ సెకన్లు. అభిజిత్ పక్కన ఉన్న ఎప్సిలాన్ లైరే జంటలో ఒక్కోటి మళ్ళీ జంటే, 120 రెట్ల దగ్గర నాలుగూ విడిగా కనిపిస్తే మీ కొలిమేషన్, ఆ రాత్రి గాలి, రెండూ పాస్. చంద్రుడిని పున్నమి నాడు కాకుండా సగం ఉన్నప్పుడు, వెలుగూ చీకటీ కలిసే గీత వెంట చూడండి, నీడలు అక్కడే పొడవు.

ఫిల్టర్లలో నెబ్యులాలకి యూహెచ్‌సీ, ఓ-త్రీ నిజంగా పనిచేస్తాయి, ఎందుకంటే ఆ మేఘాల కాంతి 500 నానోమీటర్ల దగ్గర సన్నటి గీతల్లో వస్తుంది, మిగతాది ఆపేస్తే సరిపోతుంది. గెలాక్సీలకి ఏ ఫిల్టరూ సాయం చేయదు, చీకటి ఊరికి వెళ్ళడమే దారి.

సూర్యుడి విషయంలో ఒక్క పొరపాటు చాలు, కన్ను పోతుంది. సోలార్ ఫిల్టర్ ఎప్పుడూ ట్యూబ్ ముందు భాగంలోనే పెట్టాలి, ఊడిపోకుండా టేప్ వేయాలి, ప్రతిసారీ వెలుతురుకి పెట్టి రంధ్రాలు ఉన్నాయేమో చూడాలి, ఫైండర్‌కి మూత పెట్టాలి లేదా పీకేయాలి. ఐపీస్‌కి మర తిప్పి బిగించే చిన్న నల్లటి సన్ ఫిల్టర్ పాత కిట్లలో వస్తుంది, అది వేడికి పగులుతుంది, పగిలిన క్షణంలో కన్ను అక్కడే ఉంటుంది. ఆ ఫిల్టర్‌ని ఇంకెవరికీ ఇవ్వకుండా పగలగొట్టి పారేయండి.

అద్దం మీద దుమ్ము కనిపించగానే తుడవకండి, కాస్త దుమ్ము బొమ్మని చెడగొట్టదు, బట్ట పెట్టి రుద్దితే పడే గీతలు మాత్రం ఎప్పటికీ పోవు. రబ్బరు బ్లోయర్‌తో ఊదితే చాలు. ఐపీస్ మీద కనురెప్పల జిడ్డుకి మాత్రం లెన్స్ క్లీనర్ తడిపిన మెత్తటి బట్టతో, నొక్కకుండా. తెల్లవారుజామున లోపలికి తెచ్చినప్పుడు గాజులన్నీ తేమగా ఉంటాయి, అప్పుడే మూతలు బిగించేస్తే ఆ తేమ లోపలే ఉండిపోయి కొన్నాళ్ళకి ఫంగస్ పడుతుంది, ట్యూబ్‌ని కాస్త కిందికి వాల్చి, ఐపీస్‌లని బల్ల మీద బోర్లా పెట్టి, పూర్తిగా ఆరాకే మూతలు పెట్టండి.